యాంటెన్నా గోడకు, నింద ప్లాన్‌కు: తీగ లాగకుండా డెస్క్‌టాప్‌కు వైఫై బాగుచేసే తీరు

హన్మకొండ, కాజీపేట వైపు ఇళ్లలో చాలావరకు ఒకటే వరస. ఫైబర్ తీగ గల్లీలోని స్తంభం మీది నుంచి ముందు అర్రలోకి దిగుతుంది. దాని పెట్టెను, అంటే రూటర్‌ను, దర్వాజ పైనో, టీవీ వెనకో బిగించి పోతారు. కంప్యూటర్ మాత్రం వెనక అర్రలోనో, పై అంతస్తులో పిల్లలు చదువుకునే చోటో ఉంటుంది. నడుమ రెండు మూడు గోడలు, కాదంటే ఒక స్లాబు. వేసిన బండలు తవ్వలేం, గోడ వెంబడి మేకులు కొట్టి తీగ లాగుతామంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. ఫోన్‌లో వీడియో ఆగకుండా నడుస్తుంటే పక్కనే డెస్క్‌టాప్ తెర మీద చక్రం తిరుగుతుంటుంది. దాంతో 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 200కు మార్చేస్తారు. నెల బిల్లు పెరుగుతుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

లోపం ఎక్కువసార్లు డెస్క్‌టాప్ వెనకాలే ఉంటుంది. కాబట్టి ఏదైనా కొనేముందు ఒక అరగంట కొలతలకు కేటాయించండి.

ముందు కొలవండి

ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద, ఒకే స్పీడ్ టెస్ట్ యాప్‌తో, ఒకే సర్వర్ పెట్టుకొని మూడు చోట్ల చూడండి: రూటర్‌కు ఆరడుగుల దూరంలో, కంప్యూటర్ టేబుల్ మీద మానిటర్ పక్కన, ఆ తర్వాత సీపీయూ వెనక గోడకు దానికి నడుమ ఫోన్‌ను దూర్చి. నాలుగోసారి డెస్క్‌టాప్‌లోనే చూడండి. ప్రతిచోటా మూడుసార్లు చూసి నడిమి అంకె రాసుకోండి. పగలొకసారి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఇంకోసారి చూస్తే చుట్టుపక్కల ఇళ్ల రద్దీ కూడా తెలిసిపోతుంది.

రూటర్ దగ్గరే తక్కువ వస్తే అది లైన్ సంగతి, వైఫైని ఎంత సవరించినా లాభం లేదు. పెట్టె మీద లాస్ (LOS) అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే ఫైబర్ ఎక్కడో తెగింది, లేదా మడతపడింది. మన దగ్గర డాబాల మీద కోతులు ఆ నల్ల తీగను ఊయల చేసుకోవడం కొత్త కాదు. రూటర్ దగ్గర బాగుండి టేబుల్ దగ్గర పడిపోతే నడుమ ఉన్న ఇల్లే అడ్డం. టేబుల్ మీద బాగుండి సీపీయూ వెనక పడిపోతే, లేదా ఫోన్‌కు మూడు చోట్లా బాగుండి డెస్క్‌టాప్‌కు మాత్రమే రాకపోతే లోపం డెస్క్‌టాప్ యాంటెన్నాది, లేదా వైఫైని అందుకునే దాని అడాప్టర్‌ది. ఎక్కువ ఇళ్లలో తేలేది ఇదే.

వేగంతోపాటు సిగ్నల్ బలం కూడా చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ తరహా యాప్ ఏదైనా దాన్ని డీబీఎం (dBm) అనే కొలతలో చూపిస్తుంది. అంకె ముందు మైనస్ ఉంటుంది కాబట్టి సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 అంటే రూటర్ ఎదురుగా కూర్చున్నట్టే. మైనస్ 65 వరకు ఏ పనికీ ఇబ్బంది ఉండదు. మైనస్ 70 దాటితే వీడియో కాల్ తడబడుతుంది. మైనస్ 80లో పేరు కనిపిస్తుంది, పని జరగదు. విండోస్ ఎక్కడైనా సిగ్నల్‌ను శాతంలో చూపిస్తే 100 శాతాన్ని మైనస్ 50గా, 50 శాతాన్ని మైనస్ 75గా లెక్కేసుకోండి. అంటే 60 శాతం చూసి పాస్ అయ్యాం అనుకోవద్దు, అది మైనస్ 70.

ఇంకొక పరీక్ష వేగం కంటే ముఖ్యం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే, అంటే రూటర్ చిరునామా అంకె వస్తుంది. సాధారణంగా అది 192.168.1.1 లాగా ఉంటుంది. ఆ అంకెకు రెండు నిమిషాలు ఆగకుండా పింగ్ పెట్టండి, అంటే ping -t అని కొట్టి పక్కన ఆ అంకె వేయండి; జవాబు రావడానికి పట్టే సమయం తెర మీద వస్తుంటుంది. 1 నుంచి 5 మిల్లీసెకన్లలో వరుసగా వస్తుంటే ఇంట్లో వైఫై బాగున్నట్టు. నడుమ నడుమ 80, 200 అని ఎగిరినా, టైమ్డ్ అవుట్ అని పడినా లోపం డెస్క్‌టాప్‌కు రూటర్‌కు మధ్యనే ఉంది. గేట్‌వేకు నిలకడగా ఉండి, ఇంటి బయట ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8కు పెట్టినప్పుడే ఎగిరితే అప్పుడు కంపెనీకి ఫిర్యాదు చేయండి.

సీపీయూ వెనక వైపు చూడండి

ఫోన్‌ను చేతిలో పట్టుకొని ఎటైనా తిరుగుతాం. డెస్క్‌టాప్ యాంటెన్నా ఇనుప రేకు డబ్బా వెనక, గోడకు రెండు అంగుళాల దూరంలో, తీగల గుత్తి నడుమ, కంప్యూటర్ టేబుల్ కింది గూట్లో మోకాలి ఎత్తులో ఉంటుంది. రూటర్ వైపు నుంచి చూస్తే దానికి ముందు డబ్బా, వెనక గోడ. ఇక సిగ్నల్ ఎటు నుంచి రావాలి?

మొదట మదర్‌బోర్డు వెనక పలకను చూడండి. వైఫై ఉన్న బోర్డుకు బంగారు రంగులో రెండు చిన్న మరల కనెక్టర్లు ఉంటాయి. అసెంబుల్ చేసిన మెషిన్లలో వాటికి యాంటెన్నాలు బిగించకుండా మదర్‌బోర్డు అట్టపెట్టెలోనే వదిలేయడం బాగా జరుగుతుంది. యాంటెన్నా లేకున్నా పక్క అర్రలోని రూటర్ పేరు తెర మీద కనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అటక మీది అట్టపెట్టె దించి వెతకండి. రెండూ బిగించాలి, ఒకటి చాలదు. వేళ్లతో బిగిస్తే సరిపోతుంది, పట్టకారు వాడితే లోపలి సన్న తీగ తిరిగి తెగుతుంది.

యాంటెన్నాలు ఉన్నా సిగ్నల్ రాకపోతే వాటిని డబ్బా వెనక నుంచి బయటికి తేవాలి. సీపీయూను గూట్లోంచి తీసి టేబుల్ మీద పెట్టడం, గోడ నుంచి అడుగు ముందుకు జరపడం, వెనక భాగం రూటర్ వైపు వచ్చేలా తిప్పడం, ఇవన్నీ పైసా ఖర్చు లేని పనులు. కుదరకపోతే అడుగున అయస్కాంతం ఉండి మీటరు తీగతో వచ్చే యాంటెన్నా జత దొరుకుతుంది. దాన్ని టేబుల్ పైన, మానిటర్ కంటే ఎత్తులో పెట్టండి. మీటరుకు మించిన తీగ వద్దు. సన్న తీగలోనే సిగ్నల్ కొంత కరిగిపోతుంది, వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండుల్లో 5లో ఇంకా ఎక్కువ.

కొనేటప్పుడు ఆర్‌పీ ఎస్‌ఎంఏ (RP-SMA) రకం కనెక్టర్ అని అడగాలి. ఉత్త ఎస్‌ఎంఏ యాంటెన్నా కూడా చూడటానికి అలాగే ఉంటుంది. కంప్యూటర్ వైపు కనెక్టర్‌కు బయట మరలు, నడుమ సూది ఉంటాయి. కాబట్టి యాంటెన్నా నట్టు నడుమ రంధ్రం ఉండాలి. రెండింటిలోనూ సూదే ఉంటే బలవంతంగా తిప్పకండి, వంగిపోతుంది.

యాంటెన్నాను ఎక్కడ పెట్టాలన్నది కంటితో తేల్చేది కాదు. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఆరు సెంటీమీటర్ల లోపు. గోడలకు తగిలి వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, జానెడు పక్కన ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పింగ్‌ను తెర మీద నడవనిచ్చి యాంటెన్నాను రెండేసి అంగుళాలు జరుపుతూ, ఒక్కోచోట పదిహేను సెకన్లు చేయి తీసి ఆగండి. మంచి చోటు దొరికాక కదలకుండా రెండు వైపుల టేపు వేయండి. కదలనక్కర లేకపోవడమే డెస్క్‌టాప్‌కు ఉన్న లాభం. ఇల్లంతా సిగ్నల్ నింపాల్సిన పని లేదు, ఒక్క జానెడు చోటు చాలు.

యూఎస్‌బీ డాంగిల్ వాడుతుంటే

యూఎస్‌బీ పోర్టుకు తగిలించే గోరంత వైఫై డాంగిల్‌లో యాంటెన్నా కూడా గోరంతే. అందులో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పనిచేస్తాయి. పెట్టె మీద 150 అని రాసి ఉన్నా చేతికి వచ్చేది 30, 40 ఎంబీపీఎస్. దీనికి తోడు నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు పనిచేస్తున్నప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రొద పుట్టిస్తాయి. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద సాంకేతిక పత్రం వేసింది. ఫైల్ కాపీ చేస్తుండగా ఇంటర్నెట్ చచ్చుబడిందంటే, వైర్‌లెస్ మౌస్ తడబడిందంటే కారణం ఇదే అయి ఉండొచ్చు.

మందు చవక. మీటరు, మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి డాంగిల్‌ను సీపీయూకు దూరంగా, ఎత్తులో నిలబెట్టండి. నల్లటి యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టినా 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు నష్టమేమీ లేదు, ఆ పోర్టు పరిమితి 480. 200 దాటిన ప్లాన్ ఉండి 2.4, 5 రెండూ పట్టే మంచి డ్యుయల్ బ్యాండ్ డాంగిల్ ఉంటేనే నీలం పోర్టు. అప్పుడు కూడా ఎక్స్‌టెన్షన్ ఉండాల్సిందే, అదీ యూఎస్‌బీ 3 రకందే.

గోడలు, స్లాబు, కూలర్

ఇప్పుడు రూటర్ వైపు వద్దాం. రూటర్ నుంచి టేబుల్ దాకా మనసులో ఒక దారం సాగదీయండి. ఆ దారం ఏయే వస్తువులలోంచి దూరి వస్తుందో లెక్కబెట్టండి. నాలుగున్నర అంగుళాల లోపలి ఇటుక గోడ ఒకటి రెండైతే 5 గిగాహెర్ట్జ్ దాటుతుంది. తొమ్మిది అంగుళాల గోడ రెండైతే కష్టం. పైగా గోడను ఏటవాలుగా దాటితే మందం పెరుగుతుంది: తొమ్మిది అంగుళాల గోడను 45 డిగ్రీల వాలులో దాటే తరంగానికి అది దాదాపు 13 అంగుళాల గోడ. రూటర్‌ను నాలుగడుగులు పక్కకు జరిపి, ఆ దారం గోడలోంచి కాక చెక్క తలుపులోంచి పోయేలా చేస్తే వచ్చే తేడా కొత్త రూటర్ కొన్నా రాకపోవచ్చు. పాత వరంగల్‌లో మందపాటి రాతి గోడల, మట్టి గోడల ఇళ్లున్నవాళ్లు 5 గిగాహెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోవద్దు. తర్వాత చెప్పబోయే నోడ్ పద్ధతికి నేరుగా వెళ్లండి.

ఇనుము ఏదైనా తరంగాన్ని తిప్పికొడుతుంది. బీరువా, దాని నిలువుటద్దం, ఫ్రిజ్, సజ్జ మీద పేర్చిన స్టీలు గిన్నెలు, వంటింటి ఇనుప రాకులు అన్నీ అంతే. నీళ్లు తరంగాన్ని తాగేస్తాయి. ఈ రెండూ కలిసిన వస్తువు మన ఇళ్లకు ఏటా మార్చిలో వస్తుంది: ఇనుప రేకు కూలర్, కడుపు నిండా నీళ్లు. ఎండాకాలం రాగానే వెనక అర్రకు నెట్ రాదనే ఫిర్యాదు ఉంటే కూలర్ ఆ దారానికి అడ్డంగా నిలబడిందేమో చూడండి. రెండడుగులు జరిపితే సరిపోవచ్చు.

రూటర్‌ను ఐదారు అడుగుల ఎత్తులో, బయటికి కనపడేలా పెట్టాలి. టీవీ వెనక వద్దు, కరెంటు మెయిన్ బోర్డు పక్కన వద్దు, అద్దాల షోకేసు లోపల అసలే వద్దు. మే నెలలో బయట 44, 45 డిగ్రీలున్నప్పుడు మూసిన అరలో పెట్టె ఉడికిపోయి మధ్యాహ్నాలు తనంతట తాను ఆగి మళ్లీ లేస్తుంటుంది. ఫైబర్ పెట్టెను జరపాలంటే సొంతంగా లాగకండి. లోపల ఉన్నది గాజు పోగు, బిగుతుగా మడిస్తే వెలుగు జారిపోతుంది. చివరనుండే ఆకుపచ్చ కనెక్టర్ మొనను వేలితో తాకినా మసి పడుతుంది. లైన్‌మన్‌ను పిలిచి, పది పదిహేను అడుగులు లోపలికి మార్చమని అడగండి. చాలాచోట్ల బయట చుట్ట చుట్టి వదిలిన అదనపు తీగ ఉంటుంది, పని తేలికగా అవుతుంది.

కర్ర యాంటెన్నాలు తమ నడుము చుట్టూ సిగ్నల్ చిమ్ముతాయి, కొన నుంచి కాదు. కాబట్టి యాంటెన్నా కొనను కంప్యూటర్ వైపు గురిపెట్టడం తప్పు. అదే అంతస్తులో ఉంటే అన్నీ నిలువుగా ఉంచండి. డెస్క్‌టాప్ సరిగ్గా పైన ఉంటే ఒకదాన్ని పడుకోబెట్టండి. స్లాబులో ఇనుప చువ్వల అల్లిక ఉంటుంది కాబట్టి దాన్ని దాటించడం కంటే మెట్ల సందులోంచి పైకి పంపడం మేలు. రూటర్‌ను మెట్ల మొదట్లో, పై అంతస్తులో యాంటెన్నాను మెట్ల తలుపు కనిపించే చోట ఉంచితే దారి దొరుకుతుంది.

బ్యాండు, ఛానెల్

రూటర్ సెట్టింగ్స్‌లో 2.4కు, 5కు వేర్వేరు పేర్లు పెట్టండి. రెండింటికీ ఒకటే పేరుంటే డెస్క్‌టాప్ ఒక్కోసారి 2.4ను పట్టుకొని వదలదు. టేబుల్ దగ్గర 5 గిగాహెర్ట్జ్ మైనస్ 70 లోపల ఉంటే దాన్నే వాడి, రెండో పేరును డెస్క్‌టాప్‌లో ఫర్గెట్ చేసేయండి. మైనస్ 75 దాటితే పంతం వద్దు, 2.4యే నిలకడ.

2.4లో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి, 1, 6, 11లలో ఖాళీగా ఉన్న ఛానెల్ ఎంచుకోండి. ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడనివి. నడుమ ఖాళీగా ఉంది కదా అని 3 పెడితే అటు 1, ఇటు 6 రెండింటి రొదా మీదికే వస్తుంది. ఒకే ఛానెల్ మీదున్న రూటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు వేసుకుంటాయి, సగం సగం కలిసినవి వినకుండా అరుస్తాయి. ఆటోలో వదిలేస్తే రూటర్ 12, 13లకు పోవచ్చు. కొన్ని డాంగిల్‌లకు ఆ రెండూ కనిపించవు, నిన్న ఉన్న నెట్‌వర్క్ పేరు ఇవాళ మాయమైతే దీన్ని గుర్తుచేసుకోండి. 5లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161, వెడల్పు 80. 52 నుంచి 144 వరకు రాడార్‌తో పంచుకునే ఛానెళ్లు. రూటర్ లేచాక అక్కడ కనీసం నిమిషం పాటు వింటూ కూర్చుంటుంది, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ నిరీక్షణ తప్పదు.

భద్రత డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ కానీ డబ్ల్యూపీఏ3 కానీ ఉండాలి. పాత టీకేఐపీ మిగిలి ఉంటే లింకు వేగం 54 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది.

విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ఆ తర్వాత మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిస్తే అడుగున బ్యాండు, ఛానెల్, లింకు వేగం కనిపిస్తాయి. 433 అంటే ఒక్క యాంటెన్నా దారి, 867 అంటే రెండు. నిజంగా చేతికి వచ్చేది ఇందులో సగం, బాగుంటే ఇంకొంచెం ఎక్కువ. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం దీన్ని ఆపవచ్చు అన్న టిక్కు తీసేయండి. కాసేపు వదిలేసి వస్తే నెట్ పోయే జబ్బు చాలావరకు దీంతోనే తగ్గుతుంది. డ్రైవర్‌ను అడాప్టర్ కంపెనీ సైట్ నుంచి తెచ్చుకోండి. డ్రైవర్ అప్‌డేట్ చేస్తామని తెర మీద ఎగిరే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల జోలికి పోవద్దు.

ఇప్పుడు కొనడం

ఇవన్నీ అయ్యాక కూడా చాలకపోతే రెండు దారులు. టేబుల్ దగ్గర ఫోన్‌కు మంచి సిగ్నల్ ఉండి డెస్క్‌టాప్ అడాప్టర్ పాతదైతే, మదర్‌బోర్డు స్లాటులో బిగించే పీసీఐఈ వైఫై కార్డు కొనండి. మదర్‌బోర్డు మీద చిన్న ఎక్స్1 స్లాటు చాలు, పొడుగు స్లాటులోనూ పడుతుంది. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 చిప్పులున్నవి ఏఎండీ బోర్డుల్లోనూ నడుస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లోనే పనిచేస్తాయి, అంకె తేడా చూసుకోకపోతే కార్డు చెత్తబుట్టకే. సన్న డబ్బా అయితే పొట్టి బ్రాకెట్ ఉన్నదేనా అడగండి. కార్డుతో వచ్చే సన్న తీగను బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులకు పెట్టకపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు. బిగించేముందు ప్లగ్గు పీకాలి. ఈ కార్డులకు కూడా యాంటెన్నాలు వెనకే ఉంటాయి. కాబట్టి అయస్కాంతం స్టాండు ఉన్న రకమే తీసుకోండి, లేకపోతే డబ్బులు పెట్టి పాత జబ్బునే కొన్నట్టు.

టేబుల్ దగ్గర ఫోన్‌కే సిగ్నల్ లేకపోతే కార్డు మార్చి లాభం లేదు. అప్పుడు మెష్ నోడ్ కానీ, ల్యాన్ పోర్టున్న రిపీటర్ కానీ తెచ్చి, దాని నుంచి డెస్క్‌టాప్‌కు చిన్న ల్యాన్ తీగ పెట్టండి. నోడ్ రూటర్‌తో గాలిలో మాట్లాడుతుంది, కంప్యూటర్‌తో తీగ మీద. మామూలు రిపీటర్ ఒకే బ్యాండు మీద విని మళ్లీ గాలిలోకే చెబుతుంది కాబట్టి వేగం సగమవుతుంది. తీగ మీద ఇస్తే ఆ సగం పోదు, డెస్క్‌టాప్‌కు డ్రైవర్ బాధా ఉండదు. ఒక్క మెలిక ఉంది: చవక రిపీటర్ల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. 200 ప్లాన్ ఉన్నా అందులోంచి 95 దాటి రాదు. పెట్టె మీద గిగాబిట్ అని ఉందో లేదో చూడండి.

నోడ్‌ను సిగ్నల్ లేని మూలలో పెట్టకండి. అక్కడ దానికే వినపడదు, ఇక డెస్క్‌టాప్‌కు ఏం చెబుతుంది? ఫోన్‌లో మైనస్ 60, 65 చూపించే చోటు వెతకండి. అది అర్ర తలుపు పక్కనో, మెట్ల మలుపులోనో ఉండొచ్చు. అక్కడి నుంచి అర్రలోపలే నాలుగైదు మీటర్ల తీగ గోడ మూల వెంబడి పోతే ఎవరూ అభ్యంతరపెట్టరు.

పవర్‌లైన్ అడాప్టర్లు ఇంటి కరెంటు తీగల మీదే డేటా పంపుతాయి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇళ్లలో రెండు సాకెట్లూ ఒకే ఫేజు మీద లేకపోతే సరిగా పనిచేయవు. స్పైక్ బస్టర్‌కు, యూపీఎస్‌కు తగిలిస్తే అవి ఆ సిగ్నల్‌ను వడగట్టేస్తాయి, నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి. పెట్టె మీది అంకెను నమ్మవద్దు. వెనక్కి తీసుకుంటామంటేనే కొనండి.

కరెంటు

ఇన్వర్టర్ మీదికి మారే ఆ క్షణంలో రూటర్ ఆగి మళ్లీ లేస్తే రెండు మూడు నిమిషాలు పోతాయి, వైఫై చెడిపోయిందని పొరపడతారు. రూటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి. యూపీఎస్ ఓల్టేజీ రూటర్ కరెంటు అడాప్టర్ మీద రాసినంతే కచ్చితంగా ఉండాలి, చాలా పెట్టెలకు 12. ఆంపియర్లు సమానం కానీ ఎక్కువ కానీ ఉండవచ్చు, తగ్గకూడదు. నోడ్‌కు కూడా ఇంకొకటి కావాలి. దాని ఓల్టేజీ తరచూ 9, 5 ఇలా వేరే ఉంటుంది కాబట్టి ఒకదాని యూపీఎస్ ఇంకొకదానికి తగిలించే ముందు రెండు లేబుళ్లూ చదవండి.